శుక్లం వెనుక పొర నిలుస్తుందా? ఆపరేషన్‌కు ముందే తెలిపే కంటి చిత్రాలు

మన దేశంలో 50 ఏళ్లు దాటినవారిలో అంధత్వానికి అతిపెద్ద కారణం కంటిశుక్లం. 2015-19 మధ్య జరిగిన జాతీయ అంధత్వ, దృష్టిలోప సర్వే ప్రకారం ఆ వయసువారి అంధత్వంలో 66.2 శాతం శుక్లం వల్ల వచ్చినదే. అదృష్టం ఏమిటంటే దీనికి మంచి ఆపరేషన్ ఉంది. ఉదయం ఆసుపత్రికి వెళ్లినవారు చాలామంది సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. మర్నాడు కట్టు విప్పాక గోడమీది క్యాలెండర్లో అంకెలు కనిపిస్తాయి. ఇంత మామూలైపోయింది కాబట్టే ‘పొర తీయించుకున్నాం’ అని తేలిగ్గా చెప్పుకుంటాం.

ఆ మాటలో చిన్న పొరపాటు ఉంది. డాక్టరు తీసేది పొరను కాదు, ఒక పొర లోపల మసకబారిన పదార్థాన్ని. ఆ పొరను మాత్రం, ముఖ్యంగా దాని వెనుక భాగాన్ని, చిరగకుండా కాపాడాలి. ఆపరేషన్ సజావుగా సాగిందా లేదా అన్నది చాలావరకు ఆ వెనుక పొర నిలిచిందా లేదా అన్నదాన్ని బట్టే ఉంటుంది. కొందరి కళ్లలో అది పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది, ఒక్కోసారి మధ్యలో కొంత మేర ఉండనే ఉండదు. ఆ సంగతి కత్తి పట్టకముందే తెలుసుకోవడానికి వాడుతున్న చిత్రణ పద్ధతుల గురించే ఈ వ్యాసం.

ముందుగా కటకం సంగతి. ‘లెన్స్’ అనే పేరు లాటిన్ భాషలో మసూరు గింజకున్న పేరు నుంచి వచ్చింది. మైసూరుపప్పు అని మనం వండుకునేది అదే. రెండు వైపులా ఉబ్బి, అంచుల్లో పలచబడే ఆ ఆకారమే కంటిలోని కటకానిదీ. పెద్దవారిలో అది అడ్డంగా 9 నుంచి 10 మిల్లీమీటర్లు, మందంలో 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని చుట్టి పారదర్శకమైన ఒక సంచి ఉంటుంది. వైద్యులు దీన్ని క్యాప్సూల్ అంటారు. సంచి ముందువైపు మందం సుమారు 14 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. వెనుకవైపు, సరిగ్గా మధ్యలో, మందం 4 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మన రక్తంలోని ఎర్రకణం అడ్డుకొలత ఏడెనిమిది మైక్రాన్లు. అంటే అందులో దాదాపు సగం మందమున్న పొర కంటిని ముందు గది, వెనుక గది అని విడదీస్తోందన్నమాట. వెనుక గదిలో విట్రియస్ అనే జెల్లీ లాంటి పదార్థం, దాని వెనుక రెటీనా ఉంటాయి.

నేడు ఎక్కువగా చేసే ఫేకో పద్ధతికి 1967లో న్యూయార్క్ వైద్యుడు చార్లెస్ కెల్మన్ నాంది పలికారు. కార్నియా అంచున రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెడతారు. సంచి ముందువైపు సుమారు 5 మిల్లీమీటర్ల గుండ్రని కిటికీ తెరుస్తారు. సన్నని గొట్టంతో సంచికీ కటకానికీ మధ్య నీరు చిమ్మి రెండింటినీ విడదీస్తారు. తర్వాత అల్ట్రాసౌండ్ కంపనాలతో కటకాన్ని ముక్కలు చేసి పీల్చేస్తారు. ఖాళీ అయిన సంచిలో కృత్రిమ లెన్సును అమరుస్తారు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో, శిబిరాల ద్వారా వచ్చేవారికి ఎక్కువగా చేసే కుట్లు లేని చిన్నకోత ఆపరేషన్‌లో గాటు కాస్త పెద్దది, కటకం గింజ ముక్కలు కాకుండా బయటికి వస్తుంది. పద్ధతి ఏదైనా వెనుక పొర నిలవాలన్న షరతు ఒకటే.

అది చిరిగితే విట్రియస్ ముందుకు తోసుకొస్తుంది. కటకం ముక్కలు వెనక్కి జారి రెటీనా మీద పడవచ్చు. అప్పుడు రెటీనా నిపుణుడు మరో ఆపరేషన్ చేయాలి. లెన్సును దాని అసలు చోట పెట్టడం కుదరకపోవచ్చు. తర్వాతి వారాల్లో, నెలల్లో కంటి లోపలి ఇన్ఫెక్షన్, రెటీనా మధ్యభాగంలో వాపు, రెటీనా ఊడిరావడం వంటి ముప్పులు పెరుగుతాయి. అలాగని ఇది తరచుగా జరిగేది కాదు. బ్రిటన్‌లో 55,567 ఆపరేషన్ల వివరాలు పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో వెనుక పొర చిరగడం, లేదా విట్రియస్ బయటికి రావడం 1.92 శాతం కళ్లలోనే కనిపించింది. నూటికి ఇద్దరి కంటే తక్కువ.

కానీ ఈ సగటు అందరికీ వర్తించదు.

ఉల్లిపాయ చక్రాల శుక్లం

పోస్టీరియర్ పోలార్ క్యాటరాక్ట్ అనే ఒక రకం శుక్లం ఉంది. తెలుగులో వెనుక ధ్రువపు శుక్లం అనుకోవచ్చు. భూగోళానికి ధ్రువాలున్నట్టే కటకానికి ముందు, వెనుక రెండు ధ్రువాలు ఊహిస్తే, వెనుక ధ్రువం దగ్గర గుండ్రటి తెల్లని మచ్చ ఏర్పడుతుంది. చుట్టూ ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. వెయ్యిమందిలో ముగ్గురు నుంచి ఐదుగురికి ఇది ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. చాలామందికి రెండు కళ్లలోనూ ఉంటుంది. మామూలు శుక్లంలా ముసలితనంలో మొదలయ్యేది కాదు, దీని మూలం గర్భంలోనే ఉంది. పిండ దశలో కటకానికి రక్తాన్ని అందించే చిన్న నాళం ఒకటి వెనుక నుంచి వచ్చి అంటుకుని ఉంటుంది. పుట్టుక నాటికి అది కరిగిపోవాలి. ఆ నాళపు అవశేషాలు, ఆ చోట కటకపు తంతువులు సరిగా ఎదగకపోవడం ఈ మచ్చకు కారణమని భావిస్తారు. కొన్ని కుటుంబాల్లో ఇది తరతరాలుగా వస్తుంది. పిట్‌ఎక్స్3 అనే జన్యువులో మార్పులకు దీనితో సంబంధం ఉందని తేలింది.

మచ్చ చిన్నదే అయినా చూపు వెళ్లే దారికి సరిగ్గా అడ్డంగా ఉంటుంది. అందుకే ఎండలో కంటిపాప చిన్నదైనప్పుడు మసక ఎక్కువ, సాయంత్రం నీడలో కాస్త నయం. రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీ దీపాలు కళ్లలో గుచ్చుకున్నట్టు చెదిరిపోతాయి. ముప్పై, నలభై ఏళ్ల వయసులోనే ఈ ఇబ్బందితో డాక్టరు దగ్గరికి వస్తారు. అంటే ఇంకా బండి నడుపుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ ఉన్నవారు. చూపు పోతే నష్టం ఎక్కువ కాలం మోయాల్సినవారు కూడా వీరే.

ఈ మచ్చ కింద వెనుక పొర మామూలు కన్నా పలచగా ఉండవచ్చు, మచ్చకు గట్టిగా అతుక్కుని ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. 1990లో అమెరికా వైద్యుడు రాబర్ట్ ఓషర్ బృందం ఇలాంటి కళ్లకు చేసిన ఆపరేషన్ల ఫలితాలు ప్రచురించినప్పుడు 26 శాతం కళ్లలో పొర చిరిగింది. 1999లో అహ్మదాబాద్‌కు చెందిన డాక్టర్ అభయ్ వాసవాడ, డాక్టర్ సింగ్ ప్రచురించిన పరిశీలనలో అది 36 శాతం. తమ చేతుల్లో ఇన్ని కళ్లలో పొర చిరిగిందని నిపుణులు అచ్చులో చెప్పడం చిన్న విషయమేమీ కాదు. ఆ లెక్కలు చూశాకే మిగతా ప్రపంచం ఈ శుక్లాన్ని విడిగా చూడటం, దానికి వేరే పద్ధతులు వెతకడం మొదలుపెట్టింది. 2003లో జపాన్ నుంచి వచ్చిన నివేదికలో ఈ శాతం ఏడుకు దిగింది. అప్పటికీ సగటు కన్నా ఎక్కువే.

దీపం చూపించనిది

కంటి డాక్టరు గదిలో గడ్డం ఆనించి కూర్చునే పరికరాన్ని స్లిట్ ల్యాంప్ అంటారు. సన్నని వెలుగు చీలికను కంటిలోకి పంపి సూక్ష్మదర్శినితో చూస్తారు. వెనుక ధ్రువపు శుక్లాన్ని గుర్తించడానికి ఇప్పటికీ ఇదే మొదటి సాధనం. అమృత్‌సర్‌కు చెందిన ప్రసిద్ధ నేత్రవైద్యుడు దల్జీత్ సింగ్ ఒక గుర్తును చెప్పారు. మచ్చ అంచుల్లో తెల్లని చుక్కలుండి, విట్రియస్ ముందు భాగంలోనూ అలాంటివే ఉండి, కన్ను కదిలినప్పుడు అవి చేపతోకలా ఊగితే ఆ వెనుక పొర తెగి ఉందని అనుమానించాలి. దీన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కానీ ఆ గుర్తు అందరిలో కనిపించదు. ఉన్న చిక్కంతా మచ్చతోనే. చూడాల్సిన పొర మచ్చకు వెనుక ఉంది, చూసే వెలుగు మచ్చను దాటలేకపోతోంది. గోడ మీద తెల్లసున్నం పెచ్చు ఉంటే దాని వెనుక ఇటుక పగిలిందో లేదో ఎలా తెలుస్తుంది? పెచ్చును గీకితే తెలుస్తుంది. ఆపరేషన్ బల్ల మీద ఆ పని చేస్తే, పగులు ఉన్నట్టు తెలిసేసరికే ఆలస్యమైపోతుంది.

ఇక్కడే ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ, క్లుప్తంగా ఓసీటీ, ఉపయోగపడుతుంది. 1991లో అమెరికాలోని ఎంఐటీకి చెందిన జేమ్స్ ఫుజిమోటో, డేవిడ్ హువాంగ్ తదితరులు దీన్ని ప్రకటించారు. కడుపులోని బిడ్డను చూసే అల్ట్రాసౌండ్ స్కాన్ ధ్వని ప్రతిధ్వనులతో బొమ్మ గీస్తుంది కదా, ఓసీటీ ఆ పనిని వెలుగుతో చేస్తుంది. అయితే వెలుగు వేగం ఎంత ఎక్కువంటే, కొన్ని మైక్రాన్ల తేడాతో ఉన్న రెండు పొరల నుంచి తిరిగొచ్చే కిరణాల మధ్య కాలాన్ని ఏ గడియారంతోనూ నేరుగా కొలవలేం. అందుకని కిరణాన్ని రెండుగా చీల్చి, ఒకదాన్ని కంటిలోకి, మరొకదాన్ని దూరం తెలిసిన అద్దం మీదికి పంపుతారు. రెండూ తిరిగొచ్చి కలిసినప్పుడు ఏర్పడే వ్యతికరణ నమూనా నుంచి ఏ లోతులో ఎంత వెలుగు వెనక్కి మళ్లిందో లెక్కగడతారు. ఇలా వరుసగా వేలాది గీతలు గీస్తే కంటి అడ్డకోత బొమ్మ తయారవుతుంది. కంటిని ముట్టుకోనక్కర్లేదు, ఎక్స్ కిరణాలు లేవు, కొన్ని సెకన్లలో పని పూర్తి.

రెటీనాను చూసే ఓసీటీ యంత్రాలు చాలా ఆసుపత్రుల్లో ఉన్నాయి. కంటి ముందు భాగానికి వాడేవాటిలో చాలావరకు 1,310 నానోమీటర్ల పరారుణ కాంతిని ఎంచుకుంటారు. ఈ కాంతి తెల్లబారిన కణజాలంలో తక్కువగా చెదురుతుంది కాబట్టి లోపలికి బాగా పోతుంది. పైగా కంటిలోని నీరు దాన్ని చాలావరకు పీల్చేస్తుంది కాబట్టి రెటీనా దాకా ఎక్కువగా చేరదు. మరో ఇబ్బంది దూరం. కార్నియా ముందు అంచు నుంచి కటకం వెనుక పొర సుమారు 8 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. తొలి రోజుల యంత్రాలు ఒకసారికి 6 మిల్లీమీటర్ల లోతునే చూడగలిగేవి. వెనుక పొర బొమ్మలోకి రావాలంటే యంత్రాన్ని కంటికి దగ్గరగా జరిపి, తంటాలు పడాల్సివచ్చేది. తర్వాత వచ్చిన స్వెప్ట్ సోర్స్ రకం యంత్రాల్లో ఈ పరిధి 13 మిల్లీమీటర్ల వరకు పెరగడంతో కార్నియా నుంచి కటకం వెనుక వరకు ఒకే బొమ్మలో పడుతోంది.

బొమ్మను ఎలా చదువుతారు

ఆరోగ్యంగా ఉన్న కంటిలో కటకం వెనుక అంచు నున్నటి తెల్లని గీతలా, పల్లెం అడుగులా వంగి కనిపిస్తుంది. వెనుక ధ్రువపు శుక్లంలో డాక్టరు చూసేది ఆ గీతనే. మచ్చ కింద అది ఎక్కడా తెగకుండా సాగుతోందా? మచ్చకూ గీతకూ మధ్య కాస్త ఖాళీ, అంటే మసకబారని కటకపు పదార్థం ఉందా? ఖాళీ ఉంటే మచ్చ పొరకు అతుక్కోలేదని అర్థం, అది మంచి కబురు. గీత మధ్యలో తెగినా, మచ్చ వెనక్కి విట్రియస్ వైపు పొడుచుకువచ్చినా జాగ్రత్తపడాలి. దిల్లీ ఎయిమ్స్‌లోని డాక్టర్ రాజేంద్రప్రసాద్ నేత్రవిజ్ఞాన కేంద్రం వైద్యులు ఇలాంటి కళ్లను ఓసీటీతో పరిశీలించి, పొర లోపాన్ని సూచించే కొన్ని ఆకారాలను వర్ణించారు. మచ్చ శంకువులా వెనక్కి మొనదేలడం, అంచు చిమ్మటలు కొట్టిన బట్టలా చిల్లులు పడినట్టుండటం, పొర వెనక్కి ఉబ్బిపోవడం వాటిలో ఉన్నాయి.

ఇక్కడ చదువరికి ఒక సందేహం రావాలి. పొర మందం 4 మైక్రాన్లు. ఓసీటీ యంత్రాలు విడివిడిగా చూపగలిగే అతిచిన్న దూరం రకాన్ని బట్టి 5 నుంచి 18 మైక్రాన్లు. అలాంటప్పుడు యంత్రం కంటికే ఆనని పొరను అది ఎలా చూస్తోంది? నిజం చెప్పాలంటే పొర మందాన్ని చూడటం లేదు. కటకం ముగిసి విట్రియస్ మొదలయ్యే హద్దు దగ్గర వెలుగు కొంత వెనక్కి మళ్లుతుంది, బొమ్మలో గీతగా పడేది ఆ మెరుపే. నీటి మీద పరచిన పలుచని ప్లాస్టిక్ కాగితం మందం దూరం నుంచి మనకు తెలియదు, కానీ అది ఉన్నంత మేర మెరుపు తేడా తెలుస్తుంది. ఓసీటీలోనూ అంతే.

ఈ సూక్ష్మం అర్థమైతే బొమ్మ ఎక్కడ మోసం చేస్తుందో కూడా అర్థమవుతుంది. మచ్చ దట్టంగా ఉంటే దాని నీడ వెనుక గీత మీద పడి, ఉన్న పొర కూడా తెగినట్టు కనిపిస్తుంది. తెగిందని బొమ్మ చెప్పిన కొన్ని కళ్లలో ఆపరేషన్ చేసి చూస్తే పొర చెక్కుచెదరకుండా ఉంది. బొమ్మలో గీత స్పష్టంగా, తెగకుండా ఉన్న కళ్లలో మాత్రం చాలావరకు పొర నిలిచింది. అంటే ఈ పరీక్ష ‘భయం తక్కువ’ అని చెప్పినప్పుడు దాని మాటకు విలువ ఎక్కువ, ‘భయం ఉంది’ అన్నప్పుడు అది హెచ్చరిక మాత్రమే. ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు చాలావరకు కొన్ని పదుల కళ్ల మీద చేసినవని కూడా గుర్తుంచుకోవాలి. ఈ శుక్లమే అరుదు కాబట్టి పెద్ద సంఖ్యలు పోగవడం కష్టం. నా దృష్టిలో ఇంకా పెద్ద పరిమితి వేరే ఉంది. బొమ్మ ఆపరేషన్‌కు ముందు నాటిది. అప్పటికి పొర ఉండవచ్చు, కానీ మచ్చకు అతుక్కుని ఉంటే ఆపరేషన్‌లో లాగినప్పుడు చిరుగుతుంది. ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, తట్టుకుంటుందా అన్నది వేరొకటి. రెండోదానికి ఓసీటీ దగ్గర పూర్తి జవాబు లేదు.

అందుకే అనుభవమున్న వైద్యులు బొమ్మ ఎంత బాగున్నా, వెనుక ధ్రువపు శుక్లం అనగానే పొర బలహీనమని ముందే అనుకుని పని మొదలుపెడతారు.

తెలిస్తే ఏం మారుతుంది

మొదట మారేది నీరు చిమ్మే పద్ధతి. మామూలు ఆపరేషన్‌లో సంచి గోడకూ కటకానికీ మధ్య చిమ్మే నీరు ఒక అలలా వెనుక వరకు పాకుతుంది. దీన్ని హైడ్రోడిసెక్షన్ అంటారు. బలహీనమైన పొర మీద ఆ అల ఒత్తిడి పడితే, ఇంకా ముక్కలు చేయడం మొదలుపెట్టకముందే పొర పగిలి కటకం మొత్తం వెనక్కి పడిపోవచ్చు. అందుకని ఈ కళ్లలో ఆ మెట్టును వదిలేస్తారు. దాని బదులు కటకం లోపలి గట్టి గింజకూ దాని చుట్టూ ఉండే మెత్తని భాగానికీ మధ్య నీరు పంపి గింజను మాత్రమే విడదీస్తారు. చుట్టూ మిగిలిన మెత్తని భాగం చివరిదాకా వెనుక పొరకు దిండులా కాపు కాస్తుంది.

ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. బయటి నుంచి సూది గుచ్చినప్పుడు నీరు దారి తప్పి సంచి గోడ కిందికి పోవచ్చు. 2004లో వాసవాడ బృందం దీనికొక ఉపాయం చెప్పింది. ముందు గింజలో ఒక గాడి తవ్వి, ఆ గాడి గోడలోంచి బయటివైపుకు నీరు చిమ్మాలి. లోపలి నుంచి బయటికి కాబట్టి నీరు ఎంత లోతులో పోతోందో డాక్టరు కళ్లెదుటే ఉంటుంది. చూడటానికి చిన్న మార్పే గానీ నేడు ఈ శుక్లం గురించిన పాఠాల్లో దీనికి స్థిరమైన చోటుంది.

మిగతా జాగ్రత్తలు కూడా ఒత్తిడి చుట్టూనే తిరుగుతాయి. సెలైన్ సీసా ఎత్తు తగ్గిస్తారు, పీల్చే వేగం తగ్గిస్తారు, కటకాన్ని సంచిలో గిరగిరా తిప్పరు. పరికరాన్ని కంటిలోంచి తీసేముందు ఆ ఖాళీని జిగురు ద్రవంతో నింపుతారు. లేకుంటే ముందు గది ఒక్కసారిగా కూలి, వెనుక పొర ముందుకు ఉబికి చిరుగుతుంది. మచ్చను అన్నిటికంటే చివర తాకుతారు. కొన్నిసార్లు మచ్చ తీశాక పొరలో గుండ్రటి రంధ్రం పడినట్టే కనిపిస్తుంది, నిజానికి పొర అలాగే ఉంటుంది. పెద్ద కేంద్రాల్లో ఓసీటీని ఆపరేషన్ సూక్ష్మదర్శినిలోనే అమర్చిన పరికరాలు ఇలాంటప్పుడు పనికొస్తాయి. ఆ క్షణంలో పొర ఉందో లేదో తెర మీద కనిపిస్తుంది. దిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఈ రకం శుక్లంలో వీటి ఉపయోగాన్ని కూడా పరిశీలించారు. ఖరీదు వల్ల ఇవి ఇంకా ఎక్కువ చోట్ల లేవు.

కానీ ముందస్తు బొమ్మ వల్ల కలిగే అసలు లాభం చేతిపని కన్నా ఏర్పాట్లలో ఎక్కువ. పొర తెగి ఉండవచ్చని తెలిస్తే ఆ కేసును శిక్షణలో ఉన్న డాక్టరుకు ఇవ్వరు. విట్రియస్‌ను కత్తిరించే పరికరం, సంచి ముందు అమర్చడానికి వీలైన మూడు భాగాల లెన్సు గదిలో సిద్ధంగా ఉంటాయి. రెటీనా నిపుణుడు అందుబాటులో ఉన్న రోజున ఆపరేషన్ పెట్టుకుంటారు. అన్నిటికన్నా ముందు, రోగికి చెప్పగలుగుతారు. ‘మీ కంటిలో పొర బలహీనంగా ఉంది, రెండో ఆపరేషన్ అవసరం పడవచ్చు’ అని ముందు రోజు బొమ్మ చూపించి చెప్పడానికీ, తర్వాత రోజు చెప్పడానికీ చాలా తేడా ఉంది. మొదటిది సమాచారం. రెండోది వినేవారికి సాకులా వినబడుతుంది.

వేరే చిక్కులు, వేరే బొమ్మలు

వెనుక పొర ఒక్కటే కాదు, మరికొన్ని ముప్పులనూ చిత్రాలు ముందే చెబుతాయి. పూర్తిగా ముదిరి పాలలా తెల్లబారిన శుక్లంలో లోపల ద్రవం చేరి సంచి ఉబ్బి ఉంటుంది. అంచు కనబడటం కోసం సంచికి ట్రిపాన్ బ్లూ అనే నీలిరంగు పూసి కిటికీ తెరవబోతే, లోపలి ఒత్తిడికి అది ఒక్క క్షణంలో అటూ ఇటూ చీలిపోతుంది. నీలం, తెలుపు, నీలం పట్టీలు కనిపిస్తాయి కాబట్టి వైద్యులు దీనికి అర్జెంటీనా జెండా అని పేరు పెట్టుకున్నారు. పేరు సరదాగా ఉన్నా గదిలో అప్పుడెవరూ నవ్వరు. ఓసీటీ బొమ్మలో ద్రవపు సంచులు, ఉబ్బు ముందే కనిపిస్తే, తెరవడానికి ముందు సన్నని సూదితో ద్రవాన్ని కొంత లాగి ఒత్తిడి తగ్గిస్తారు.

కార్నియా లోపలి కణాల లెక్క కోసం స్పెక్యులర్ మైక్రోస్కోపీ చేస్తారు. పెద్దవారిలో చదరపు మిల్లీమీటరుకు రెండు నుంచి మూడు వేల కణాలుంటాయి, పోయినవి తిరిగి పుట్టవు. బాగా తక్కువ ఉంటే ఆపరేషన్ తర్వాత కార్నియా ఉబ్బి మబ్బుగా మారే ప్రమాదం ఉంది. తెల్లటి శుక్లం వెనుక రెటీనా సరిగా ఉందో లేదో అల్ట్రాసౌండ్ చెబుతుంది. ఐరిస్ అనే రంగు తెర వెనుక భాగాలను ఓసీటీ చూడలేదు, వెలుగును ఆ తెర ఆపేస్తుంది. అక్కడ కటకాన్ని పట్టి ఉంచే సన్నని తంతువులు తెగాయేమోనన్న అనుమానం ఉంటే 50 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీ వాడతారు.

శిబిరం నుంచి ఆపరేషన్ బల్ల దాకా

మన దగ్గర చాలామంది శుక్లం రోగులు గ్రామ శిబిరాల ద్వారానో, చిన్న కంటి కేంద్రాల ద్వారానో పెద్దాసుపత్రికి చేరతారు. అక్కడ ఓసీటీ ఉండదు, అందరికీ చేయాల్సిన అవసరమూ లేదు. అక్కడ కావాల్సింది కంటిపాపను చుక్కలతో పెద్దది చేసి, స్లిట్ ల్యాంపుతో కటకం వెనుక భాగం దాకా చూడటం, మధ్యలో గుండ్రటి మచ్చ ఉంటే కేసు కాగితం మీద రాయడం. ఆ ఒక్క వాక్యం ఆ మనిషిని ఓసీటీ ఉన్న చోటికి, అనుభవమున్న చేతులకి చేరుస్తుంది.

‘ముదరనివ్వండి, తర్వాత తీయించుకోవచ్చు’ అనే పాత మాట ఈ శుక్లంలో ముఖ్యంగా చేటు చేస్తుంది. వయసు మీరేకొద్దీ కటకం గింజ గోధుమరంగులోకి మారి గట్టిపడుతుంది. వెనుక మచ్చ దాని చాటున కనబడకుండా పోతుంది, ఓసీటీ కాంతి కూడా వెనుకదాకా చేరదు. అప్పుడు ఆపరేషన్‌కు వచ్చిన అరవై ఐదేళ్ల మనిషి కంటిలో మామూలు శుక్లమే ఉందనుకుని నీరు చిమ్మితే ఏమవుతుందో పైన చూశాం. అలాంటివారి విషయంలో బొమ్మ కన్నా ప్రశ్నలు ఎక్కువ పనిచేస్తాయి. వయసులో ఉన్నప్పుడే రాత్రి దీపాలు చెదిరేవా? ఎండలో కన్నా నీడలో బాగా కనిపించేదా? ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో శుక్లం తీశారా?

రెండో కన్ను మంచి సాక్షి. ఒక కంటిలో గింజ గట్టిపడి మచ్చ దాగిపోయినా, రెండో కంటిలో ఇంకా స్పష్టంగా ఉండవచ్చు. ఒకరికి ఈ శుక్లం ఉందని తేలితే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల, పిల్లల కళ్లకూ చుక్కలు వేసి చూడటం మంచిది. వారికి వెంటనే ఆపరేషన్ అవసరం ఉండకపోవచ్చు. కటకం తేటగా ఉన్న ఆ వయసులో తీసిన ఓసీటీ బొమ్మలో వెనుక గీత మచ్చ కింద ఎలా సాగుతోందో నీడల గొడవ తక్కువగా కనిపిస్తుంది. పదిహేనేళ్ల తర్వాత ఆపరేషన్ చేయబోయే డాక్టరుకు పనికొచ్చేది ఆ పాత బొమ్మే కాబట్టి, దాన్ని రేషన్ కార్డుతో పాటు భద్రంగా దాచుకోమని చెప్పాలి.